20 కేజీల పైన తగ్గాక నా యాక్టివా మైలేజ్ ఎంత పెరిగింది? బెంగళూరు ట్రాఫిక్‌లో ఐదేళ్ళు నడిపాక నా రివ్యూ

ముందే సంగతి చెప్పేస్తాను. ఒళ్ళు తగ్గితే పెట్రోల్ ఖర్చు తగ్గుతుందా అంటే తగ్గుతుంది, కాకపోతే మీరు నడిపేది స్కూటరా కారా, మీ దారిలో సిగ్నళ్ళు ఎన్ని అన్నదాన్ని బట్టి అది కంటికి కనపడేంత ఉంటుందో లేదో తేలుతుంది. నా యాక్టివా 6జీ నేను 90 కేజీలు దాటి ఉన్న రోజుల్లో లీటరుకి 42, 43 ఇచ్చేది, ఇప్పుడు నేను 72 దగ్గర ఉన్నాను, బండి 45 ఇస్తోంది, ట్రాఫిక్ తక్కువున్న వారాల్లో ఇంకొంచెం పైన. లీటరుకి రెండు కిలోమీటర్లు అంటే చాలామందికి ఇంతేనా అనిపిస్తుంది, నాకు మాత్రం అది చిన్న విషయంగా అనిపించలేదు, ఎందుకో కింద రాస్తున్నా.

మాది మదనపల్లి, ఉద్యోగం కోసం వచ్చి బెంగళూరులో సెటిల్ అయ్యాం, ఇల్లు కగ్గదాసపుర, ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపు. బండి 2020లో తీసుకున్నాం, అప్పట్నుంచి నేనొక్కదాన్నే నడుపుతున్నా, మా ఆయనకి కారుంది. ఈ దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొద్దున కగ్గదాసపుర రైల్వే గేటు దాటడమే ఒక పని, తర్వాత మారతహళ్ళి, కుందలహళ్ళి గేట్, అడుగడుక్కీ ఆపడం మళ్ళీ లాగడం. 40 స్పీడు దాటి గట్టిగా ఒక కిలోమీటరు పోయే చోటు దాదాపు ఉండదు. మెట్రో పర్పుల్ లైన్ 2023లో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా వచ్చింది గానీ మా ఇంటి నుంచి స్టేషన్‌కి పోవడం, అక్కడ దిగి ఆఫీసుకి పోవడం కలిపితే నాకు స్కూటరే కుదురుతుంది.

మైలేజ్ ఎలా కొలిచానో చెప్పకపోతే ఈ రివ్యూకి విలువ లేదు. మీటర్ మీద ముల్లు చూసి చెప్పే లెక్క కాదు ఇది. ఎప్పుడూ ఒకే బంక్, వీలైనంత వరకు ఒకే పంపు, సెంటర్ స్టాండ్ వేసి మొదటి ఆటో కట్ (ట్యాంక్ నిండగానే పంపు తనంతట తాను ఆగడం) దగ్గర ఆపించడం, పైన ఒక్క చుక్క కూడా వద్దనడం, ఓడోమీటర్ రీడింగ్ బిల్లు వెనక రాసుకోవడం. మళ్ళీ ట్యాంక్ బాగా తగ్గాక అదే బంకులో అలాగే ఫుల్, ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో తిరిగిన కిలోమీటర్లని భాగించడం. యాక్టివా ట్యాంక్ 5.3 లీటర్లు, చిన్న ట్యాంకు కాబట్టి పావు లీటరు అటూ ఇటూ అయినా మైలేజ్ తప్పు చూపిస్తుంది, అందుకే ఒక్కసారి లెక్కని నమ్మొద్దు, వరసగా చాలాసార్లు రాసుకుని మొత్తం కలిపి చూస్తేనే అసలు బొమ్మ తెలుస్తుంది. నేను బండి కొన్న కొత్తల్లోనే ఈ అలవాటు చేసుకున్నా, ఆ బిల్లులన్నీ ఇంకా డబ్బాలో ఉన్నాయి, అందుకే అప్పటికీ ఇప్పటికీ పోల్చగలుగుతున్నా.

ఇక బరువు ఎక్కడ పెట్రోల్ తాగుతుందో చూద్దాం. నా బండి 107 కేజీలు, పాత నేను 94, అంటే రెండూ కలిపి 200 దాటేది, హెల్మెట్ లాప్‌టాప్ బ్యాగు టిఫిన్ డబ్బా సరే సరి. అందులో 22 పోయాయంటే బండి మోసే మొత్తం బరువులో పదో వంతు పైనే పోయినట్టు. సిగ్నల్ పడిన ప్రతిసారీ అంత బరువునీ సున్నా నుంచి 40 దాకా లాగాలి, మళ్ళీ బ్రేక్ వేసినప్పుడు ఆ శక్తంతా బ్రేక్ షూల్లో వేడిగా పోతుంది, వెనక్కి ఏమీ రాదు. నేను కూర్చుని లెక్కేస్తే నా ఒంట్లోంచి పోయిన ఆ 22 కేజీలని ఒక్కసారి 40 స్పీడుకి తేవడానికి అయ్యే పెట్రోల్ ఒక మిల్లీ లీటరులో ఐదో వంతు, ఇంజన్ పెట్రోల్లోని శక్తిలో ఇరవై శాతమే చక్రానికి పంపుతుందని అనుకుంటే. దానికి టైరు రోడ్డుని నొక్కుకుంటూ దొర్లే ఖర్చు కలుపుకోవాలి, అది బరువు ఎంతుంటే అంత. కిలోమీటరుకి రెండుసార్లు ఆగి లాగామనుకుంటే అన్నీ కలిపి కిలోమీటరుకి ఒక మిల్లీ లీటరు. 43 మైలేజ్ అంటే కిలోమీటరుకి 23 మిల్లీ, 45 అంటే 22. కాగితం మీద వచ్చిందీ నా బిల్లుల్లో వచ్చిందీ ఒకటే కావడం చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను, రెండుసార్లు వేసి చూసుకున్నా.

అయితే బరువు తగ్గినా తగ్గని ఖర్చు కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆన్‌లో పెట్టి నిలబడితే మీరు 50 కేజీలున్నా 100 ఉన్నా అదే పెట్రోల్. గాలిని చీల్చుకుని పోయే ఖర్చుకి కూడా బరువుతో పని లేదు, స్పీడు పెరిగేకొద్దీ అదే ఎక్కువైపోతుంది. అందుకే హైవే మీద ఒకే స్పీడులో పోయేవాళ్ళకి ఒళ్ళు తగ్గిన లాభం అంతగా తెలీదు, ఆగి ఆగి పోయే మనకి తెలుస్తుంది.

ఇంకో విషయం, కంపెనీలు చెప్పే మైలేజ్ నాకు ఎప్పుడూ రాలేదని మొదట్లో బాధపడేదాన్ని. ఆ టెస్టులో నడిపే మనిషి బరువు 75 కేజీలు అని లెక్కలో పెడతారని తర్వాత తెలిసింది. నేను 94 ఉంటే ఆ అంకె నాకెలా వస్తుంది. మన ట్రాఫిక్ కూడా కారణమే అనుకోండి, అయినా మనిషి బరువు కూడా టెస్టులో ఒక అంకె అని తెలిసినవాళ్ళు తక్కువ. షోరూమ్‌లో ఇది అడిగి తీసుకోండి అని మా ఆఫీసులో అందరికీ చెప్తుంటా.

అమెరికాలో దీని మీద పెద్ద లెక్కే వేశారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ షెల్డన్ జాకబ్సన్, లారా మెక్లే కలిసి 2006లో వేసిన లెక్క ప్రకారం 1960 నాటి బరువులతో పోలిస్తే అక్కడి జనం లావైనందుకు కార్లు ఏడాదికి 93.8 కోట్ల గ్యాలన్లు ఎక్కువ తాగుతున్నాయి, మన లెక్కలో 350 కోట్ల లీటర్లు పైమాటే. మనిషికి సగటున ఒక్క పౌండు, అంటే అర కేజీ కూడా లేదు, అంత పెరిగితే 3.9 కోట్ల గ్యాలన్లు అదనం అన్నారు. విమానాల మీద కూడా అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 2004లో లెక్క చెప్పారు, 1990ల్లో జనం సగటున 10 పౌండ్లు పెరిగినందుకు 2000లో ఎయిర్‌లైన్స్ 35 కోట్ల గ్యాలన్లు ఎక్కువ కాల్చాయని, ఆ ఖర్చు 27.5 కోట్ల డాలర్లని. వినడానికి భారీగా ఉంది కదా, కానీ కార్ల అంకె అక్కడ వాడే మొత్తంలో ఒక్క శాతం కూడా కాదు. ఎందుకంటే అక్కడి కారు టన్నున్నర పైన ఉంటుంది, అందులో మనిషి బరువు ఏ మూలకి. 100 పౌండ్లు, అంటే 45 కేజీలు ఎక్కిస్తే మైలేజ్ ఒక శాతం తగ్గుతుందని అక్కడి ప్రభుత్వమే చెప్తుంది.

నా మాట ఏంటంటే ఈ లెక్క అమెరికా కన్నా మన దగ్గర ఎక్కువ పనికొస్తుంది. మన దేశంలో రిజిస్టరైన బళ్ళలో నాలుగింట మూడొంతులు టూవీలర్లే, బండి బరువు పక్కన మనిషి బరువు కూడా గట్టిగా లెక్కకొచ్చే బళ్ళు అవి. అక్కడ కారులో 22 కేజీలు తగ్గితే ఒకటిన్నర శాతం లోపే బరువు తగ్గినట్టు, ఇక్కడ స్కూటర్ మీద పదకొండు శాతం. అయినా మన దగ్గర మైలేజ్ పెరగాలంటే అని ఎవర్నడిగినా ప్లగ్ మార్చు, ఫిల్టర్ మార్చు, ఫలానా ఆయిల్ పోయించు అంటారు గానీ నడిపే మనిషి సంగతి ఎవరూ ఎత్తరు. మర్యాద కోసం ఎత్తరేమో, నాకైతే ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

మా కారు సంగతి కూడా రాస్తా. వ్యాగన్ఆర్, 800 కేజీల పైన. నేను తగ్గాక మదనపల్లి పోయొచ్చినప్పుడల్లా మా ఆయన చేత ఫుల్ ట్యాంక్ లెక్క వేయించా, హోస్కోటే చింతామణి మీదుగా పోతాం, తేడా ఏమీ కనపడలేదు. కనపడదు కూడా, వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం, టమాటా, మామిడికాయలు, పచ్చళ్ళు వేసుకుని వస్తే నేను తగ్గిన బరువుకి రెండింతలు ఎక్కుతుంది. కారున్నవాళ్ళు పెట్రోల్ కోసమని సన్నబడక్కర్లేదు, డిక్కీలో ఏడాదిగా పడున్న సామాను తీసేసినా అంతే ఫలితం.

స్కూటర్‌కి మాత్రం తేడా ఎంతో ఒకరోజు చేత్తో పట్టుకున్నట్టు తెలిసింది. సోనా మసూరి 25 కేజీల బస్తా కొని ఫుట్‌బోర్డు మీద పెట్టుకుని వస్తున్నా, అంటే దాదాపు నేను తగ్గించుకున్న బరువే. కుందలహళ్ళి అండర్‌పాస్ లోంచి పైకెక్కేటప్పుడు థ్రాటిల్ ఇంకా తిప్పాల్సి వచ్చింది, ఇంజన్ సౌండు ముందు పెరిగి బండి కాసేపాగి కదిలింది, ముందు మనిషికి దగ్గరగా పోయి బ్రేక్ నొక్కితే ఇంకో రెండడుగులు పోయి ఆగింది. ఇదంతా నాకు బాగా తెలిసిన ఫీలింగే, ఏళ్ళ తరబడి నేను రోజూ అలాగే నడిపా, బండి తీరే అంత అనుకుని. ఇంటి ముందు బస్తా దింపి బండిని షెడ్లోకి నడిపితే ముందుకి దూకింది.

పెట్రోల్ కన్నా నాకు ఎక్కువ నచ్చిన లాభం ఇక్కడే ఉంది. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ తనంతట తాను పట్టుకునే రకం, కదిలేటప్పుడు కాసేపు జారి అప్పుడు పట్టుకుంటుంది, బరువు ఎక్కువైతే ఎక్కువసేపు జారుతుంది, షూలు అరుగుతాయి, వేడెక్కుతాయి. మా వీధి చివర మెకానిక్ పుంగనూరు అబ్బాయి, మొన్న బెల్ట్ మార్చేటప్పుడు క్లచ్ విప్పి చూసి, "అక్కా, ఈసారి షూస్ బాగున్నాయి, పోయినసారి ఇన్ని కిలోమీటర్లకి నల్లగా కాలిపోయి ఉన్నాయి, ఇంకెవరైనా నడుపుతున్నారా ఏంది" అని అడిగాడు. నేనే నడుపుతున్నా తమ్ముడూ అన్నా. వెనక టైరు కూడా అంతే, ముందు మధ్యలో చదునైపోయేది, ఇప్పుడు నిదానంగా అరుగుతోంది. గతుకుల్లో వెనక షాక్ కింద దాకా కొట్టుకోవడం ఆగిపోయింది, ఇంటికొచ్చాక నడుం పట్టేయడం కూడా.

డబ్బు లెక్క: నెలకి సుమారు 800 కిలోమీటర్లు, నేను లెక్కేసినప్పుడు లీటరు ఇక్కడ నూట రెండు రూపాయల పైన ఉండేది, 43 నుంచి 45 అంటే నెలకి మిగిలేది 80, 90 రూపాయలు, అంతే. ఇది చూసి ఎవరూ జిమ్ ఫీజు కట్టరు. కానీ 90 కేజీలప్పుడు నేను అరకిలోమీటరు దూరం బేకరీకి, కూరగాయలకి, మందుల షాపుకి కూడా బండి తీసేదాన్ని, మోకాళ్ళు పట్టేసేవి కాబట్టి. చల్లగా ఉన్న ఇంజన్‌ని స్టార్ట్ చేసి ఆ కాస్త దూరం పోయి ఆపడం అంటే పెట్రోల్ అన్నిటికన్నా దండగయ్యేది అక్కడే, వేడెక్కేదాకా ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాలి. ఇప్పుడవన్నీ నడకే, కగ్గదాసపుర చెరువు పక్కనుంచి పోయి వస్తా. నెల పెట్రోల్ బిల్లులో అసలు తగ్గింది ఈ చిన్న చిన్న తిరుగుళ్ళు మానేయడం వల్లే, మైలేజ్ పెరిగినందుకు తగ్గిన దానికన్నా ఇది ఎక్కువ.

ఎలా తగ్గానంటే, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక మొదలుపెట్టా, రాత్రి అన్నం బదులు చిన్న ముద్ద రాగి సంగటి, ఆకుకూర పప్పు, సాయంత్రం బేకరీ పఫ్‌లు బంద్, రోజూ నడక. ఏడాదిన్నర పైనే పట్టింది. అంతకన్నా దీని గురించి చెప్పడానికేమీ లేదు, ఎవరి ఒళ్ళు వాళ్ళ డాక్టర్‌కి తెలుసు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి, పెట్రోల్లో ఇథనాల్ పెరిగింది కదా, 20 శాతం దాకా వచ్చేసింది. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి 10 నుంచి 20 శాతానికి పెరిగితే ఆ ఒక్కదానికే మైలేజ్ మూడు శాతం దాకా పడిపోవచ్చు. అంటే నేను చెమటోడ్చి సంపాదించిన రెండు కిలోమీటర్లలో కిలోమీటరు పైన అదే తినేస్తుంది. అందుకే నా 43, 45 పోలిక ఇథనాల్ మారకముందు బిల్లులతోనే చేశా, ఈమధ్య బిల్లులు కలపలేదు, ఇప్పుడు కొన్ని వారాలు 44 కూడా వస్తోంది. బరువు తగ్గి కూడా మైలేజ్ పెరగలేదే అని ఎవరైనా అనుకుంటుంటే ముందు ఇది చూసుకోండి, తర్వాత బ్రేక్ ఎక్కడైనా పట్టేస్తోందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుందేమో చూపించుకోండి, టైర్లలో గాలి మాన్యువల్లో రాసినంత ఉందా చూడండి. వెనక టైరుకి ఒక్కరే ఉంటే ఒక ప్రెషర్, ఇద్దరుంటే ఇంకో ప్రెషర్ రాసి ఉంటుంది, పది రోజులకోసారి చల్లగా ఉన్నప్పుడే గాలి చెక్ చేయించండి.