బూట్‌లో డ్రైవ్ మౌంట్ గొడవకి గ్నోమ్ డిస్క్స్: ఏళ్లుగా వాడాక నా మాట

ఉబుంటు లినక్స్‌తో పాటే వచ్చే ఈ టూల్‌ని చాలామంది పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయడానికే తెరుస్తారు. నేను ఎఫ్‌స్టాబ్‌లో, అంటే బూట్‌లో ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (మౌంట్ చేయాలో) చెప్పే ఫైల్‌లో, లైన్లు రాయించుకోవడానికి వాడతాను.

నా డెస్క్‌టాప్‌లో సిస్టమ్ ఎస్ఎస్‌డీలో ఉంటుంది, ఫొటోలూ సినిమాలూ పాత హార్డ్‌డిస్క్‌లో. ఇదివరకు సాటా కేబుల్ కాస్త వదులైతే చాలు, ఆ డిస్క్ కోసం బూట్‌ని నడిపించే సిస్టమ్‌డీ 90 సెకన్లు కాచుకుని, చివరికి డెస్క్‌టాప్ లేకుండా కమాండ్లు మాత్రమే కొట్టగలిగే ఎమర్జెన్సీ మోడ్‌లో పడేసేది. సినిమాల డిస్క్ కనబడలేదని కంప్యూటరే లేవనంటే ఎలా?

డిస్క్స్‌లో పార్టిషన్ ఎంచుకుని, గేర్ గుర్తు నొక్కి, 'ఎడిట్ మౌంట్ ఆప్షన్స్'లో 'యూజర్ సెషన్ డీఫాల్ట్స్' ఆఫ్ చేస్తే మిగతావి అదే నింపుతుంది. వాటిలో మనల్ని కాపాడేది 'నోఫెయిల్'. అది ఉంటే డిస్క్ ఉన్నా లేకున్నా బూట్ సాగిపోతుంది. 'ఐడెంటిఫై యాజ్' దగ్గర మాత్రం యూయూఐడీ (ఆ పార్టిషన్‌కే ప్రత్యేకమైన పొడవాటి గుర్తింపు కోడ్) ఉండేలా చూసుకోండి. లినక్స్ డిస్క్‌లకి పెట్టే ఎస్‌డీబీ1 లాంటి పేర్లు బూట్‌కీ బూట్‌కీ మారిపోవచ్చు. పార్టిషన్‌ని మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కూడా కొత్తదే వస్తుంది, అప్పుడు లైన్ మార్చాల్సిందే.

నచ్చనిది: మౌంట్ పాయింట్‌కి (డిస్క్ తగిలించే ఫోల్డర్‌కి) ఆ యూయూఐడీ చాంతాడంతా పేరుగా పెడుతుంది.

నోఫెయిల్‌తో ఇంకో చిక్కుంది. డిస్క్ మౌంట్ కాకపోయినా కిక్కురుమనదు. బ్యాకప్ స్క్రిప్ట్ ఆ ఖాళీ మౌంట్ ఫోల్డర్‌లోనే రాసుకుంటూ పోయి ఎస్ఎస్‌డీని నింపేస్తుంది. అందుకే డిస్క్ అన్‌మౌంట్ చేసి, ఖాళీ ఫోల్డర్ మీద సుడోతో (అడ్మిన్ హక్కులతో) 'చాట్టర్ +ఐ' కొట్టి, ఎవరూ మార్చకుండా తాళం వేసి ఉంచాను. మౌంట్ మామూలుగానే అవుతుంది. మౌంట్ కాని రోజున మాత్రం అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్ కూడా అందులో రాయలేదు, స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

విండోస్ కూడా ఉన్న మెషీన్లలో ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డ్రైవ్ మొరాయిస్తే తప్పు ఈ టూల్‌ది కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు. ఇటువైపు డ్రైవ్ రీడ్ ఓన్లీగా వస్తుంది, లేదా అసలు మౌంటే కాదు. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయడమే దారి. లినక్స్‌లోని 'ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్' కమాండ్‌ని నమ్ముకోకండి, అది డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్‌కి సాటి రాదు.

ఇప్పటికే ఎమర్జెన్సీ మోడ్‌లో చిక్కుకుంటే ఈ టూల్ తెరుచుకోదు. ఉబుంటులో ఎంటర్ కొట్టి లోపలికెళ్లి, నానో ఎడిటర్‌లో ఎఫ్‌స్టాబ్ తెరిచి, ఆ డిస్క్ లైన్ ముందు హ్యాష్ పెట్టి రీబూట్ చేయాలి.

ఒక్కటి మాత్రం చేయకండి: నోఫెయిల్ బాగుంది కదా అని విడి హోమ్ పార్టిషన్‌కీ తగిలించకండి. అది మౌంట్ కాని రోజున మీ ఫైళ్లేవీ లేని హోమ్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది.