బెర్లిన్ ఫిల్హార్మోనిక్ డిజిటల్ కాన్సర్ట్ హాల్: చందా కట్టవచ్చా?

ఆర్కెస్ట్రా సంగీతం మీద గట్టి ఇష్టం ఉంటే కట్టేయొచ్చు. 2008 చివర్లో మొదలైన ఈ ఆన్‌లైన్ వీడియో సేవలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కచేరీలు లైవ్‌గా వస్తాయి, ఆ తర్వాత ఆర్కైవ్‌లో చేరతాయి. లైవ్ మనకి కాస్త కష్టమే: బెర్లిన్‌లో రాత్రి 8 అంటే ఇక్కడ చలికాలంలో 12:30, వేసవిలో 11:30. ఆర్కైవ్ కోసమే తీసుకోండి. ముందు ఏడు రోజుల టికెట్‌తో చూసుకోవడం మేలు.

అసలు సంగతి సౌండు. టీవీలో ఆటో వాల్యూమ్, నైట్ మోడ్ ఉంటే ఆపేయండి. అవి సన్నటి స్వరాన్ని పెంచి, పెద్ద మోతను అణిచేస్తాయి. దాంతో వంద మంది వాయించినా ఒకటే, ఒక్క క్లారినెట్ పలికినా ఒకటే. బ్లూటూత్ స్పీకరైతే వయొలిన్ కమాను ముందు కదిలి, నాదం ఓ క్షణం ఆలస్యంగా వినిపించవచ్చు. వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఈ కాలపు స్వరకర్తలకి ఇక్కడ మంచి చోటుంది. కొరియాలో పుట్టి బెర్లిన్‌లో స్థిరపడిన ఉన్సుక్ చిన్‌తో మొదలుపెట్టండి. ఆవిడ రాసిన 'కోరోస్ కోర్డోన్'ని 2017లో సైమన్ రాటిల్ సారథ్యంలో తొలిసారి వాయించింది ఈ ఆర్కెస్ట్రాయే. పది నిమిషాల పైచిలుకు రచన. రెండుసార్లు వినండి: మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని. కెమెరా ఎంత బాగా తిరిగినా ఒకసారికి ఒకరినే దగ్గరగా చూపిస్తుంది, వెనక వరసలో తాళవాద్యాల వాళ్లు చేసే సూక్ష్మమైన పని చెవికే దొరుకుతుంది.