ఒక పట్టీ, నాలుగు మెడల్స్: నాలుగేళ్లు వెతికాక నా రివ్యూ

ఇటలీలోని టొరినోలో ప్రతి శనివారం బలోన్ అని పాత సామాన్ల సంత జరుగుతుంది. నాలుగేళ్ల కిందట అక్కడ ఒకే పట్టీకి వరసగా కుట్టిన నాలుగు ఇటలీ మెడల్స్ కొన్నాను. "అన్నీ ఒక్క మనిషివే" అన్నాడు అమ్మినాయన. ఆ మనిషెవరో తేల్చడానికి అప్పటినుంచీ కొన్ని ఉచిత వెబ్‌సైట్లు, పాత రికార్డుల ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నా. ఏది ఎంత పనికొచ్చిందో చెప్తాను.

మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు కొట్టి ఉంటాయి, మీ ఇంట్లో ముత్తాతది ఏదైనా ఉంటే తిప్పి చూడండి. ఇటలీ వాళ్లు మామూలు మెడల్స్‌కి ఆ పని చేయలేదు. 1915-18 యుద్ధ స్మారక మెడల్ వెనక "శత్రువు కంచుతో ముద్రించినది" అని గొప్పగా ఉంటుంది (ఆస్ట్రియా ఫిరంగులు కరిగించారు మరి), కానీ ఎవరిదో మాత్రం ఉండదు. రంగురంగుల రిబ్బను ఉన్న విజయ మెడల్, 1918 జనవరిలో మొదలైన యుద్ధ మెరిట్ క్రాస్ కూడా అంతే. నా పట్టీలో నోరు విప్పేది ఒక్కటే: నీలం రిబ్బనుతో ఉన్న శౌర్య మెడల్, కంచుది. దాని వెనక ఆకుల దండ మధ్యలో ఇంటిపేరు, పేరు చెక్కారు, కింద మోంతె గ్రప్పా (యుద్ధం జరిగిన కొండ), 1918 అక్టోబరు అని ఉంది. ఇక్కడి పాత కాగితాల్లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, ఆ విషయంలో మనవాళ్లకి తికమక ఉండదు.

ముందు వెతికింది నాస్త్రో అజ్జుర్రో సంస్థ వాళ్ల జాబితాలో. శౌర్య మెడల్స్ పొందినవాళ్ల సంఘం అది, 1923లో పుట్టింది, పేరుకి అర్థమే నీలం రిబ్బను. పేరు కొడితే మెడల్ ఎందుకిచ్చారో ఆ ప్రశంసా వాక్యంతో సహా వస్తుంది. నాకు అదే పేరుతో ఇద్దరు వచ్చారు, తొందరపడి మొదటివాణ్ణి పట్టుకుని రెండు నెలలు వేస్ట్ చేసుకున్నా, వాడి మెడల్ కార్సో యుద్ధరంగంలో వచ్చింది, 1916లో. పేరు కాదు, చోటూ తేదీ కలవాలి. రెండో ఆయన కలిశాడు: కూనియో వైపు ఊరు, రెజిమెంటు, నంబరు, అన్నీ ఒకే పేరాలో. యుద్ధంలో చనిపోయినవాళ్ల జాబితా అల్బో దోరో, 28 సంపుటాలు, అది కూడా ఆన్‌లైన్‌లో ఉంది. అందులో మావాడు లేడు. లేకపోవడం కూడా సమాచారమే, బతికి ఇంటికి వచ్చాడన్నమాట.

జనన రిజిస్టర్ల కోసం అంతెనాతి అనే వెబ్‌సైట్. అన్ని ఊళ్లవీ లేవు, ఈ ఊరివి ఉండటం నా అదృష్టం. పేరు కొట్టగానే వస్తుందనుకోకండి, చాలాచోట్ల పేజీల ఫొటోలు ఒక్కొక్కటే తిప్పాలి. ఏడాది చివర సూచిక పేజీ ఉంటుంది, అక్కణ్ణించి మొదలుపెడితే కళ్లు బతుకుతాయి. దొరికాడు, 1899లో పుట్టాడు. మార్జిన్‌లో గుమాస్తా గొలుసుకట్టు రాతలో పెళ్లి సంగతి కూడా ఉంది.

అసలు బంగారం మాత్రం సైనిక సేవా పత్రం, ఇక్కడ ఫోల్యో మాత్రికొలారె అంటారు. పుట్టిన ఏడాది, ఊరు చెప్పి పాత రికార్డుల ఆఫీసుకి రాయాలి. నేను రాసిన మొదటి ఆఫీసు అయిదు నెలలు ఉలకలేదు పలకలేదు, ఆ తర్వాత మా దగ్గర లేదు, ఫలానా చోట అడగండి అంది. ఆ టెన్షన్ పక్కన పెడితే కాగితం అద్భుతం: ఎత్తు, ఛాతీ కొలత, జుట్టు రంగు, వృత్తి రైతు, చదవడం రాయడం వచ్చు. 1917లో పిలిచారు.

అక్కడే పట్టుకుంది నాకు అనుమానం. 1899లో పుట్టినవాళ్లని సైన్యంలోకి తీసుకున్నదే 1917లో. నా స్మారక మెడల్ రిబ్బను మీదేమో 1916, 1917, 1918 అని మూడు కడ్డీలున్నాయి, ఏ ఏడాది యుద్ధంలో ఉంటే ఆ ఏడాది కడ్డీ. పట్టీ తిప్పి చూస్తే ఆ ఒక్క రిబ్బను కుట్టు దారం తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. నాలుగేళ్లు దాన్నే గోడకి తగిలించుకుని పట్టీ వెనక కుట్లు మాత్రం చూడలేదు నేను!

నాస్త్రో అజ్జుర్రోకి అయిదుకి అయిదు. అంతెనాతికి నాలుగున్నర. సంతలో అమ్మినాయనకి ఒకటి, అదీ ఆ కంచు మెడల్ అసలుది కాబట్టి.