మూడేళ్లుగా మా హాల్లో కాటుక బొమ్మ

కాటుక మా నాటు కుక్క. పేరుకు తగ్గట్టే నల్లన. ఫొటో చూసి వాటర్ కలర్‌లో బొమ్మ వేసే ఒక ఆర్టిస్టు చేత దాని బొమ్మ రెండుసార్లు వేయించాను. రెండోది మూడేళ్లుగా మా హాల్లో ఉంది. రోజూ చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను, బొమ్మ బాగా రావడం సగానికి సగం మనం ఇచ్చే ఫొటో చేతుల్లోనే ఉంది.

మొదటిసారి నేను నిలబడి పైనుంచి తీసిన ఫొటో పంపాను. తల పెద్దగా, కాళ్లు పొట్టిగా, ముఖం నల్లటి ముద్దలా ఉంది. బొమ్మ కూడా అలాగే వచ్చింది. ఆర్టిస్టు తప్పేమీ లేదు. ఫొటోలో కనబడని కళ్లను ఆయన ఎక్కణ్నుంచి తెస్తారు?

రెండోసారి పొద్దున ఏడున్నరకి బాల్కనీ తలుపు పక్కన చాప వేసి కూర్చోబెట్టాను. ఎండ నేరుగా పడకుండా వెలుతురు పక్కనుంచి రావాలి. అప్పుడే నల్ల బొచ్చు తీరు తెలుస్తుంది, కంట్లో చిన్న తెల్లటి మెరుపు పడుతుంది. బొమ్మకు ప్రాణం ఆ మెరుపే. నల్ల కుక్క ఉన్నవాళ్లు ఫోన్ తెర మీద దాని ముఖాన్ని తాకి, వెలుగు కొంచెం పెంచండి. వెనక గోడ వెలిసిపోయినట్టు వచ్చినా పర్వాలేదు. ఫ్లాష్ మాత్రం వద్దు. కుక్క కంటి లోపల వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. దానివల్ల కళ్లు ఆకుపచ్చగా మెరిసి, అసలు రంగు పోతుంది.

నేను బోర్లా పడుకుని, దాని కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకున్నాను. మరీ దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఐదారు అడుగుల దూరం నుంచి రెండు రెట్లు జూమ్ చేస్తే మనకు తెలిసిన ముఖమే వస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ నాకు నచ్చలేదు, మీసాలను, చెవి అంచు వెంట్రుకలను మసక చేసేసింది. అమ్మ నా వెనక నిలబడి బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేయగానే చెవులు నిక్కబొడిచింది. ఆ రెండు సెకన్లలోనే వరసగా తీసేశాను. మూడోసారికి ఆ చప్పుడు పనిచేయలేదు!

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

బొమ్మను మొదటి ఏడాది పడమటి కిటికీకి ఎదురుగా పెట్టాం. ఎండకి మెడపట్టీ ఎరుపు వెలిసింది, అదొక్కటే నా బాధ. నీడ గోడకు మార్చాక మిగతా రంగులు అలాగే ఉన్నాయి.

కాటుకకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. మూతి చుట్టూ తెల్లబడింది, బొమ్మలో ఇంకా నల్లగానే ఉంది. ఈ తెల్ల మూతితో కూడా ఒకటి వేయించాలని నిన్నటి నుంచి మళ్లీ బాల్కనీ దగ్గర చాప వేస్తున్నాను.