ఫోస్టర్ తల్లిదండ్రుల ఆన్‌లైన్ శిక్షణ: నా రివ్యూ

పలు దేశాల సంస్థలు కలిసి నడిపే ఈ ఉచిత కోర్సును ఫోస్టర్ కేర్‌లో (సొంతవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని వేరే కుటుంబం కొంతకాలం పెంచే పద్ధతి) పిల్లల్ని చూసుకునే ప్రతి ఒక్కరూ చేయాలి. మా ఇంట్లో ఉంటున్న పాప కడుపు నిండా తిన్నాక కూడా దిండు కింద బిస్కెట్లు దాచుకునేది. నాకు ఒకటే టెన్షన్. తిట్టకండి, తనకంటూ ఒక డబ్బా ఇచ్చి ఎప్పుడూ నిండుగా ఉంచండి అని వేరే దేశపు ఫోస్టర్ తల్లి ఒకావిడ వీడియోలో చెప్పారు. అలాగే చేశాం. దాచుకోవడం బాగా తగ్గింది.

తల్లిదండ్రుల సంరక్షణ లేని పిల్లల బాగోగుల గురించి 2009లో వచ్చిన ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలను తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పారు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయకూడదు, తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయకూడదు. అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ మాటలు నాకు ఎంతో పనికొచ్చాయి. బిడ్డను మరో దేశంలోని ఫోస్టర్ కుటుంబానికి పంపాలంటే, 1996 హేగ్ ఒప్పందంలో (పిల్లల రక్షణపై దేశాల మధ్య కుదిరింది) చేరిన దేశాల మధ్య ముందస్తు అంగీకారం తప్పనిసరి. ఇంత ముఖ్యమైన సంగతిని ఒక్క స్లైడ్‌తో సరిపెట్టారు. అది చాలదు.

సబ్‌టైటిల్స్ ఇంకా ఎక్కువ భాషల్లో రావాలి. బిడ్డ సొంతవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లే రోజు గురించిన పాఠాన్ని మాత్రం ఇంట్లో అందరూ కలిసి కూర్చుని చూడండి.