ఇంట్లో ఆర్టీమియా పిల్లలు తీయడం: కర్నూలు ఎండల్లో వాడి చూశాక

ఆర్టీమియా అంటే ఉప్పునీళ్లలో పెరిగే చిట్టి రొయ్యలాంటి జీవి. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన దాని పిల్లలను చేపపిల్లలకు మేతగా వేస్తాం. గప్పీ చేపలు మాత్రమే పెంచేవాళ్లకు దీని అవసరం అంతగా లేదని ముందే చెప్పేస్తాను. గప్పీ పిల్ల పుట్టిన రోజే పొడి మేత తింటుంది. ఏంజెల్, ఫైటర్, రామ్ లాంటి చేపలతో గుడ్లు పెట్టించి పిల్లలను పెద్ద చేయాలనుకుంటే మాత్రం ఆర్టీమియాకు సాటి వచ్చేది నాకు ఇంతవరకు కనబడలేదు. ఈదడం అప్పుడే మొదలుపెట్టిన ఏంజెల్ పిల్లల ముందు పొడి చల్లితే చాలావరకు పట్టించుకోవు. కదిలేది కనబడితేనే ఎగబడతాయి. ఆర్టీమియా వదిలిన కాసేపటికి టార్చి వేసి చూడండి. లోపల పేగు కూడా కనబడేంత పల్చటి ఆ పిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరిగి ఉంటాయి. ఏది తిన్నదో, ఏది పస్తు ఉందో పొట్ట చూసే చెప్పొచ్చు. ఉడికించిన కోడిగుడ్డు సొన కూడా వాడి చూశాను. పిల్లలు తిన్నదానికంటే తొట్టిలో కుళ్లిందే ఎక్కువ.

ఆర్టీమియా గుడ్లు మనకు ఎక్కువగా వచ్చేది అమెరికాలో యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి. ఆ ఉప్పు సరస్సు మీద తేలే గుడ్లను చలికాలంలో సేకరించి, ఎండబెట్టి, డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. మన కోస్తాలో రొయ్య పిల్లలను తయారుచేసే హేచరీలకు రోజువారీ సరుకు ఇదే. వాళ్లు వాడే 425 గ్రాముల డబ్బా ఒక్క ఇంటికి మరీ ఎక్కువ. గ్రాముకే రెండు నుంచి మూడు లక్షల గుడ్లుంటాయి. చేపలు పెంచే మిత్రులం కలిసి డబ్బా కొని పంచుకుంటాం.

ఎదురింటి పిల్లాడు నేను ఆర్టీమియా తీసే సీసా చూసి, "ఏందన్నా ఇది, ఇవి పెద్దగయితే కూర చేసుకోవచ్చునా?" అన్నాడు. బాగా పెరిగినా సెంటీమీటరు చుట్టే ఉంటుంది నాయనా, మన నెల్లూరు రొయ్యకు ఇది మేత అని చెబితే వాడి మొహం వాడిపోయింది.

సామాను చాలా తక్కువ. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టడం, మూతి దాకా గాలి పైపు దించడం, అంతే. పైపు చివర సన్న బుడగల కోసం పెట్టే ఎయిర్ స్టోన్ (రంధ్రాల రాయి) పెట్టొద్దు. సన్న బుడగలకు నురగ లేచి, గుడ్లు సీసా గోడకు గోధుమరంగు పట్టీలా అంటుకుపోతాయి. వట్టి పైపు వేస్తే పెద్ద బుడగలు వచ్చి గుడ్లన్నీ తిరుగుతూ ఉంటాయి. లీటరు నీళ్లకు పాతిక గ్రాముల కల్లుప్పు, గుడ్లు గ్రాము. ఉప్పు సి క్యాంపు రైతుబజారులో దొరికేదే. అయోడిన్ ఉప్పు వేస్తే గుడ్లు చస్తాయని కొందరంటారు గానీ, దానితోనూ పిల్లలు బాగానే వచ్చాయి. మొదటి కొన్ని గంటలు వెలుతురు తప్పనిసరి. ట్యూబ్‌లైటు కింద పెడితే సరిపోతుంది.

నీళ్ల విషయంలో మాత్రం మన ఊరు అదృష్టం చేసుకుంది. బోరు నీళ్లు కఠినమని, గిన్నెలకు తెల్లమరకలు పడతాయని ఇంట్లో అందరూ తిట్టుకుంటాం కదా, ఆర్టీమియాకు అవే నచ్చుతాయి. పీహెచ్ ఎనిమిది చుట్టూ ఉంటే గుడ్లు బాగా పగులుతాయి. క్యాన్ నీళ్లు వాడితే పీహెచ్ నిలబడదు, చిటికెడు వంటసోడా వేయాలి. మున్సిపల్ కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు నిలవ ఉంచుతాను.

అసలు చిక్కంతా ఎండ. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు చలిదేశాల వాళ్లు కాబట్టి హీటర్ పెట్టమంటారు. గుడ్లకు కావలసింది 25 నుంచి 28 డిగ్రీలు. 33 దాటితే గుడ్డులో ఎదుగుదల ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా మిద్దె మీది గదిలో బకెట్ నీళ్లే అంతకు మించి కాగి ఉంటాయి. అప్పుడు సీసాను కింది గదికి దించి, తడిగుడ్డ చుట్టి, గుడ్డ కొసను పళ్లెంలోని నీళ్లలో మునిగేలా పెడతాను. మన పొడిగాలికి గుడ్డ ఆరుతూ సీసాలో వేడిని లాగేస్తుంది. థర్మామీటరులో మూడు నాలుగు డిగ్రీలు దిగడం కళ్లారా చూస్తున్నదే. వెలుతురు పడడానికి ఒక పక్క మాత్రం గుడ్డ లేకుండా వదలాలి. కోస్తా ఉక్కలో ఇది ఇంత బాగా పనిచేస్తుందని నేననుకోను. వేసవిలో సాయంత్రం వేస్తే మర్నాడు మధ్యాహ్నానికి పిల్లలు సిద్ధం. డిసెంబరు చలిలో రోజున్నర పడుతుంది, హడావిడి పడొద్దు.

పిల్లలను తీసేటప్పుడే ఓపిక కావాలి. పంపు ఆపి, సీసా పైభాగాన్ని నల్లగుడ్డతో కప్పి, కింద మూతి దగ్గర టార్చి పెట్టండి. పది నిమిషాల్లో పొట్టు పైకి తేలుతుంది. పగలని గుడ్లు అట్టడుగున గోధుమరంగు మట్టిలా కూర్చుంటాయి. మధ్యలో వెలుతురు వైపు కదిలి వచ్చే నారింజ మబ్బే మనకు కావలసింది. సన్న పైపుతో ఆ మబ్బును మాత్రం లాగి, పాత పంచె ముక్కలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి తొట్టిలో వేయాలి. పొట్టు అరగదు, చిన్న పిల్లల కడుపులో చిక్కుకునే భయం ఉంది. ఇంకో మాట: పుట్టిన ఆరేడు గంటల్లోపు వేస్తేనే పూర్తి బలం. కడుపులో ఉన్న సొన కరిగిపోయాక తిన్నా పెద్దగా పట్టదు. మిగిలినవి ఉప్పునీళ్లలోనే ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికీ పనికొస్తాయి. తొట్టిలో మాత్రం అతిగా వేయకండి. మంచినీళ్లలో అవి కొన్ని గంటలే బతుకుతాయి. మిగిలిపోతే నీళ్లు చెడతాయి, చేపపిల్లలను కుట్టి తినే హైడ్రా అనే సన్న జీవి కూడా పుట్టుకొస్తుంది.

డబ్బు వృథా అయ్యేది మాత్రం గుడ్ల దగ్గరే. ఇక్కడ ఒక దుకాణంలో డబ్బా విప్పి చిన్న కవర్లలో కట్టి అమ్మినవి కొంటే, సగానికి సగం అడుగున మట్టిగానే మిగిలాయి. అడిగితే "మీరు సరిగ్గా వేయలేదు సార్" అన్నారు. అదే నీళ్లలో, అదే ఉప్పుతో డబ్బా గుడ్లు బ్రహ్మాండంగా వచ్చాయి మరి. గుడ్డు గాల్లో తేమ పీల్చుకుంటే పాడవుతుంది. విప్పిన డబ్బాను గాలి చొరని సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పచ్చళ్ల పక్కన పురుగుల సీసా ఏమిట్రా అని మా అమ్మ మొదట్లో గొడవ చేసింది, ఇప్పుడు దానికో మూల కేటాయించింది.

కరెంటు పోతే బ్యాటరీ పంపు దగ్గర పెట్టుకోండి. గాలి ఆగితే గుడ్లు అడుక్కి చేరి ఊపిరాడక పోతాయి. ఇంత పని మావల్ల కాదు అనుకునేవాళ్లకు పెంకు తీసిన ఆర్టీమియా గుడ్లు కూడా దొరుకుతాయి, నేరుగా చల్లేయడమే. కదలవు కాబట్టి ఏంజెల్ పిల్లలు వాటిని పెద్దగా ఖాతరు చేయలేదు. గప్పీలు మాత్రం ఒక్కటి మిగల్చలేదు.