కుక్కలతో బాపట్ల బీచ్ క్యాంపింగ్ ప్యాకేజీ తీసుకునేవాళ్లకు జాగ్రత్త

హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు "పెట్ ఫ్రెండ్లీ బీచ్ క్యాంపింగ్" అని సూర్యలంకకు తీసుకెళ్లే ప్యాకేజీ మీ కంటపడితే, అడ్వాన్స్ పంపేముందు ఆగండి. మా కుక్కలు పడ్డ బాధ మీ కుక్కలు పడకూడదని రాస్తున్నాను.

టెంటు, భోజనాలతో పాటు ఊళ్లు కూడా చూపిస్తామన్నారు. బాపట్ల భావనారాయణస్వామి గుడి, చీరాల, ఓడరేవు, మోటుపల్లి. నేను ఒప్పుకున్నదే మోటుపల్లి కోసం. కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించిన రేవు అది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకంతా రాజులు లాగేసుకునే రోజుల్లో, సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయం లేకుండా రండి అని పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. ఆ చోటు చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. మోటుపల్లి వైపు బండే తిప్పలేదు.

మా లాబ్రడార్‌కీ, వీధిలో దొరికితే తెచ్చి పెంచుకున్న దేశీ కుక్కపిల్లకీ విడివిడిగా పెట్ చార్జీ తీసుకున్నారు. మీరు గుడిలోకి వెళ్లినప్పుడు కుక్కల్ని చూసుకోవడానికి మా మనిషి ఉంటాడని ఫోన్లో చెప్పారు. తీరా వెళ్తే అలాంటి మనిషే లేడు. "వ్యాన్‌లోనే ఉంచండి మేడమ్, అద్దం కొంచెం దించుతాం" అన్నాడు వాళ్ల కుర్రాడు. మార్చి ఎండ, ఇంజన్ ఆపేశారు, ఏసీ లేదు. ఎండలో ఆపిన బండిలో పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరిగిపోతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. మనలాగా కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు, అది వగర్చడం ద్వారానే వేడి దించుకోవాలి. నేను ససేమిరా అన్నాను. మావారు గుడి చూడకుండా చెట్టు కింద వాటిని పట్టుకుని కూర్చున్నారు. చీరాలలోనూ అదే కథ.

సూర్యలంకలో టెంట్లు వేసిన చోట నీడ అన్నదే లేదు. మధ్యాహ్నం ఇసుక కాలుతుంటే కుక్కపిల్ల ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుకుంటూ కుయ్యోమంది. కుక్కలకి మంచినీళ్లు అడిగితే సీసాలు కొనుక్కోమన్నారు. దాహానికి లాబ్రడార్ సముద్రపు నీళ్లు తాగేసి సాయంత్రం వరసగా వాంతులు చేసుకుంది. అప్పుడు కూడా దగ్గరలో పశువైద్యుడు ఎక్కడున్నాడో వాళ్లకి తెలియదు. స్థానికంగా చేపలమ్మే ఒక పెద్దాయనే ఆటో మాట్లాడి పంపించాడు. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇంకోటి, గొలుసులు తీసేసి పరిగెత్తనివ్వండి, ఫోటోలు బాగొస్తాయి అన్నారు. ఆ తీరంలో ఆ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కుక్కలు ఇసుక తవ్వితే గుడ్లు పోతాయి. ఒడ్డున గాలాలు, తెగిన వలలు ఉంటాయి, బీచ్ కుక్కలు గుంపుగా మీదికొస్తాయి. గొలుసు మాత్రం తీయకండి.

వెళ్లాలనే ఉంటే ఒక్కో చోటా కుక్క ఎక్కడుంటుంది, ఎవరు పట్టుకుంటారు, నీడ, నీళ్లు, డాక్టర్ సంగతేంటి అని వాట్సాప్‌లో అడిగి జవాబు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే డబ్బు కట్టకండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్నైతే ఎండాకాలంలో అసలు తీసుకెళ్లొద్దు. నాలుక ముదురెరుపుకి తిరిగినా, చొంగ కారుతూ తూలుతున్నా వెంటనే నీడకి చేర్చి, ఒంటి మీద మామూలు చల్లనీళ్లు పోస్తూ గాలి తగలనిచ్చి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

డబ్బు తిరిగిమ్మంటే "కుక్కలతో వచ్చింది మీరే కదా" అన్నారు. ఆ కుక్కలకి చార్జీ తీసుకున్నవాళ్లే! 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, బాపట్ల దాకా తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు రసీదు ఒకసారి తీసి చూసుకోండి. మా రసీదులో పెట్ చార్జీని "ఇతర ఖర్చులు" అని రాశారు, ఇప్పుడు వాళ్ల వాదనంతా దాన్నే పట్టుకుని సాగుతోంది. మీది అలా ఉంటే బయల్దేరకముందే మార్పించుకోండి.